ఖాళీ ఇంటికి మనం చెప్పే కథ



మీ వీధిలో తాళం పడిన ఇల్లు ఒకటైనా ఉండే ఉంటుంది. అరుగు మీద గడ్డి మొలిచి, దూలానికి చెదలు పట్టి ఉంటుంది. కిటికీ ఊచల సందులోంచి చూస్తే గోడకు ఏ సంవత్సరానిదో క్యాలెండరు, కొక్కేనికి వేలాడే గొడుగు, మూలన కాలు విరిగిన కుర్చీ కనబడతాయి. అటుగా పోతూ ఒక్క క్షణం ఆగనివారు అరుదు. ఆగామంటే ఇక మనసు ఊరుకోదు. ఈ గొడుగు ఎవరిది? ఆ కుర్చీలో ఎవరు కూర్చునేవారు? క్యాలెండరులో ఒక తేదీ చుట్టూ సున్నా ఎందుకు చుట్టారు? పది అడుగులు వేసేలోగా ఆ ఇంటికి ఒక తాతను, ఒక కోడలిని, ఒక పెళ్లిని, ఒక చావును మన మనసే సమకూర్చి పెడుతుంది.

ఇందులో తప్పేముంది అంటారా? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచింది ఆ ప్రశ్ననే. వదిలిపోయిన ఇంటిని, మిగిలిపోయిన వస్తువును చూసి వాటి వెనుక బతికిన మనుషుల జీవితాన్ని ఊహించుకునే హక్కు మనకు ఉన్నదా? ఉంటే ఎంతవరకు? చనిపోయినవాడు లేచి వచ్చి "అది నేను కాదు" అని చెప్పలేడు గనుక, వాడిని గురించి మనం ఏమైనా అనుకోవచ్చునా?

మనకు తెలిసిన వారి మీద చాడీ చెప్పటం పాపమని చిన్నపిల్లలకు కూడా ఉపదేశంలో నేర్పుతాము. పునీత తోమాస్ అక్వినాస్ ఇతరుల మంచిపేరుకు చాటున కలిగించే హానిని న్యాయానికి వ్యతిరేకమైన పాపాలలో చేర్చి చర్చించాడు. మంచిపేరు మనిషి ఆస్తి అని, దాన్ని తీసుకుంటే తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఉంటుందని ఆ వాదం. అయితే పొగడ్త మాటేమిటి? తెలియని మనిషికి లేని గుణాన్ని అంటగట్టటం కూడా ఒక రకంగా అతని ముఖాన్ని తీసి మన ముఖం అతికించటమే కాదా?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇటలీ దేశంలో నేపుల్సు నగరం దగ్గర పొంపెయి అనే ఊరు క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కక్కిన బూడిద కింద పూడిపోయింది. బూడిద గట్టిపడింది. లోపలి శరీరాలు కాలక్రమంలో శిథిలమై, వాటి చోట మనిషి ఆకారంలో ఖాళీలు మిగిలాయి. 1863లో జుసెప్పె ఫియొరెల్లి అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ ఖాళీలలోకి ప్లాస్టరు పోయించి, ఆరిన తరువాత చుట్టూ ఉన్న బూడిదను తొలగింపజేశాడు. చేతులు అడ్డం పెట్టుకున్నవారు, ముడుచుకు పడుకున్నవారు, చచ్చిపోయిన భంగిమలోనే బయటికి వచ్చారు. ఆ తరువాత అలాంటి అచ్చులు వందకు పైగా తీశారు.

వాటిలో ఒకటి చాలా ప్రసిద్ధి. ఒక పెద్ద మనిషి, ఒడిలో ఒక పసివాడు. పెద్ద మనిషి చేతికి బరువైన బంగారు కడియం ఉంది. ఆ ఇంటికే బంగారు కడియం ఇల్లు అని పేరు పడింది. కడియం ఉంది గనుక స్త్రీ అన్నారు. బిడ్డ ఉన్నాడు గనుక తల్లి అన్నారు. పక్కనే దొరికిన మరో పెద్ద మనిషిని, పిల్లవాడిని కలిపి చక్కగా ఒక కుటుంబాన్ని తయారు చేశారు. చావు వచ్చినా బిడ్డను వదలని తల్లి అని ఎన్ని వేలమంది ఆ అచ్చు ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నారో!

2024లో శాస్త్రవేత్తలు ఆ అచ్చులలో చిక్కుకుని ఉన్న ఎముక ముక్కల నుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. కడియం తొడుక్కున్నది పురుషుడు. ఆ బిడ్డకు అతనికి రక్తసంబంధం లేదు. అదే ఊరిలో మరో ఇంట్లో ఒకరినొకరు పట్టుకుని పడివున్న ఇద్దరిని అక్కచెల్లెళ్లని, తల్లీకూతుళ్లని చెప్పుకునేవారు. వారిలో కనీసం ఒకరు పురుషుడని తేలింది.

ఇప్పుడు చెప్పండి, ఆ కన్నీళ్లన్నీ అబద్ధమేనా?

పునీత అగస్తీనువారు ఇటువంటి ప్రశ్ననే తన మీద తాను వేసుకున్నారు. చిన్నతనంలో లాటిను కావ్యంలోని డీడో రాణి మరణానికి ఏడ్చానని, కాని దేవునికి దూరమై చస్తున్న తన ఆత్మ కోసం ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదని తన ఆత్మకథ మొదటి భాగంలోనే వాపోయారు. నాకు మాత్రం ఆ మాట కొంచెం కఠినంగానే తోస్తుంది. డీడో కోసం ఏడవలేని పిల్లవాడు తల్లి కోసం ఏడవటం నేర్చుకుంటాడా? కాని ఒక తేడా గమనించండి. డీడోను కవి మన ముందు పాత్రగా నిలబెట్టాడు. ఆమెకు తన కథ తప్ప వేరే బతుకు లేదు. పొంపెయి మనిషి అలా కాదు. అతనికి ఒక పేరుండేది. మనం ఏడ్చింది ఆ పేరు గల మనిషి కోసం కాదు, అతని చోట మనం కూర్చోబెట్టిన ఒక తల్లి కోసం.

అరిస్టాటిలు చరిత్రకారుడికి, కవికి మధ్య గీసిన గీత ఇక్కడ పనికివస్తుంది. చరిత్ర జరిగినదాన్ని చెబుతుంది, కవిత్వం జరగగలిగినదాన్ని చెబుతుంది, కవిత్వమే తత్వశాస్త్రానికి దగ్గర అన్నాడాయన. సరే, ఒప్పుకుందాం. బిడ్డను పట్టుకుని చనిపోయిన తల్లి జరగగలిగిన సంగతే. కవి రాస్తే సత్యమే అవుతుంది. కాని ఇదిగో, ఈ అచ్చే ఆ తల్లి అని వేలు పెట్టి చూపినప్పుడు కవిత్వం చరిత్ర చొక్కా తొడుక్కుంటుంది. చిక్కంతా ఆ వేలులో ఉంది.

ఇంకొక సంగతి. తల్లి కథ పోయింది గనుక ఇప్పుడు కొందరు కొత్త కథ మొదలుపెట్టారు: తనది కాని బిడ్డను కాపాడబోయిన మహానుభావుడు! అదీ నిజమే కావచ్చు. కాని ఆ మంటలో, చీకటిలో, ఒకే మెట్ల కిందికి తోసుకొచ్చిన ఇద్దరు అపరిచితులు కూడా కావచ్చును కదా? పాత బొమ్మను తీసేసిన గోడకు మేకు మిగిలింది గదా అని వెంటనే మరో బొమ్మ తగిలించటం మన అలవాటు. కొంతకాలం ఉత్త మేకును చూస్తూ ఉండటం మనకు చేతకాదు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు కొరుకుడుపడని పుస్తకాలలో జర్మను తత్వవేత్త మార్టిన్ హైడెగ్గరు 1927లో వెలువరించిన గ్రంథం ఒకటి. అందులో ఒకచోట మాత్రం అందరికీ అర్థమయ్యే ప్రశ్న అడుగుతాడు. మ్యూజియంలోని పాత సామాను ఇప్పుడు మన కళ్ల ముందే ఉంది గదా, మరి దానిలో గతించినది ఏది? ఆయన జవాబు: గతించినది వస్తువు కాదు, ఆ వస్తువు ఏ లోకంలో పనిముట్టుగా ఉండేదో ఆ లోకం. దీన్ని మన భాషలో చెప్పుకుందాం. మీ అమ్మమ్మ తిరగలి ఇప్పటికీ ఉంది. రాయి అరగలేదు, పిడి ఊడలేదు. కాని తెల్లవారుజామున లేచి విసరటం, విసురుతూ పాడటం, పిండి కోసం పొరుగింటివారు గిన్నె పట్టుకుని రావటం, ఇవేవీ లేవు. తిరగలి మిగిలింది, దాని లోకం పోయింది. అందుకే దానిపై పూలకుండీ పెట్టుకుంటున్నాము.

ఆ పోయిన లోకాన్ని తిరిగి కట్టటానికే ఊహ కావాలి. ఊహ లేకపోతే తిరగలి ఉత్త రాయి. కాబట్టి ఊహించవద్దు అనటం నా ఉద్దేశం కాదు. అయితే ఊహకు ఒక జబ్బు ఉంది. అది అందంగా ఉన్నదాన్నే ముందు ఏరుకుంటుంది.

శ్రీశైలం జలాశయం సంగతి మీకు తెలుసు. 1981లో నీరు నిలిపినప్పుడు అప్పటి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. లక్షకు అటూ ఇటూ మనుషులు లేచిపోయారు. వెళ్లనివారి ఇళ్లను యంత్రాలతో పడగొట్టించారు. ముంపులో పడే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి అలంపురానికి తీసుకువెళ్లి మళ్లీ కట్టారు. మంచి పనే. పురాతన శిల్పం, పోతే రాదు. కాని ఒక మట్టిమిద్దె ఏ రాయి తరువాత ఏ రాయి అని ఎవరూ అంకెలు వేయలేదు.

ఎండాకాలం నీరు వెనక్కి తగ్గినప్పుడు ఆ నేల తిరిగి బయటపడుతుంది. పాత రైతులు కొందరు వచ్చి ఆ ఒండ్రులో పైరు పెట్టుకుంటారు. కొన్నేళ్ల క్రితం విచారణ యువకులతో కలిసి నేను అటువైపు వెళ్లాను. మాతో ఆ ఊళ్లలో పుట్టిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఎండిన బురదలో పునాది గీతలు, విరిగిన రోలు, దాదాపు పూడిపోయిన ఒక బావి ఒర కనిపించాయి. రాతితో కట్టిన ఒర, చేంతాడు రాపిడికి అంచు మీద గాళ్లు పడి నునుపుగా ఉంది. పిల్లలకు అది తెగ నచ్చింది. ఇక్కడ ఊరి ఆడవాళ్లంతా చేరి ఎన్ని కబుర్లు చెప్పుకునేవారో, ఎంత కలిసిమెలిసి ఉండేవారో అని ఒక అమ్మాయి అంది. బాగా చదువుకున్న పిల్ల, మంచి మనసు. పెద్దాయన కాసేపు ఊరుకుని నా వైపు తిరిగాడు.

"బావి బాగనే ఉండె ఫాదరూ. నీళ్లు గూడ తియ్యగుండె. మా ఆడోళ్లు కడవలు పెట్టుకొని అద్దో, ఆ గడ్డకాడ నిలబడుకోవల్ల. ఎవరన్నా దయదలిచి చేది పోస్తే పోసినట్టు. లేకుంటే ఎండ నెత్తికొచ్చేదాకా నిలబడేదే."

ఎవరూ ఏమీ అనలేదు. ఆ గాళ్లు వేసిన చేంతాడు ఆయన తల్లి చేతిలో ఒక్కసారి కూడా పడలేదు. రాయి ఆ సంగతి చెప్పదు. రాయిలో కనిపించేది తోడినవారి గుర్తే గాని, తోడనివ్వకుండా నిలబెట్టినవారి గుర్తు ఎక్కడ ఉంటుంది? శిథిలాలు చూసి మనం అల్లే కథలలో పాతకాలం ఎప్పుడూ చల్లగా, అందరిదీగా ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. గుర్తు మిగిల్చే అవకాశం ఉన్నవారి బతుకునే వస్తువులు చెబుతాయి. దూరాన నిలబడినవారి కాళ్ల గుర్తు మొదటి వానకే పోతుంది.

దీనికి మరో పక్క కూడా ఉంది, దాచకూడదు. ఆ పెద్దాయన ఆ మాట అన్న తరువాత దాదాపు గంటసేపు ఆ బురదలో తన ఇంటి పునాది వెతుక్కున్నాడు. దొరికాక దాని మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. అవమానపడిన ఊరిని మనిషి ప్రేమించడని మనం ఊహిస్తే అది కూడా తప్పే అయ్యేది. ఆయన ఉన్నాడు గనుక మా ఊహను రెండుసార్లు దిద్దాడు.

ధనుష్కోటి గురించి కూడా ఒక మాట. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానుకు ఆ ఊరు కొట్టుకుపోయింది. వస్తున్న ప్రయాణికుల రైలు కూడా సముద్రం పాలయింది. పైకప్పు లేని గుడి గోడలు, రైల్వే కట్టడాల మొండి గోడలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. రామేశ్వరం వెళ్లిన మనవారు చాలామంది అవి చూసే ఉంటారు. దయ్యాల ఊరు అని పేరు పెట్టి ఫోటోలు తీసుకుంటారు. కాని తుపాను తరువాత కూడా జాలరి కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని వల లాగి బతుకుతూ వచ్చాయి. ఆ గోడల పక్కనే గవ్వలు అమ్మే మనిషిని దాటిపోయి, ఇక్కడ పూర్వం ఎవరుండేవారో అని నిట్టూర్చటం వింత కాదూ? చచ్చినవారిని ఊహించుకోవటం సులువు. వారు నీళ్లు అడగరు.

ఇక పెట్టెల సంగతి. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో విల్లర్డు అనే చోట 1869లో తెరిచిన పెద్ద మానసిక వైద్యశాల 1995లో మూతపడింది. మూసే సమయంలో ఒక భవనం అటక మీద నాలుగు వందలకు పైగా పెట్టెలు బయటపడ్డాయి. రోగులు చేరిన రోజు తమతో తెచ్చుకున్నవి. బట్టలు, ఉత్తరాలు, ఫోటోలు, పనిముట్లు. కొన్నాళ్లలో వెళ్లిపోతామని సర్దుకుని వచ్చిన పెట్టెలు. చాలామంది తిరిగి వెళ్లలేదు. అక్కడి శ్మశానంలో వేలమంది సమాధులపై పేర్లు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. ఒక రోగి అక్కడే దశాబ్దాల పాటు తోటి రోగులకు గోతులు తవ్వాడు. చివరకు తానూ అంకె కిందికే చేరాడు. ఇటీవలి సంవత్సరాలలో ఆయన పేరుతో అక్కడ ఒక ఫలకం పెట్టారు.

ఇద్దరు పరిశోధకులు ఆ పెట్టెలలో కొన్నింటి యజమానుల బతుకులను వెలికితీసి 2008లో పుస్తకంగా ప్రచురించారు. వారు పెట్టె చూసి ఊరికే ఊహించలేదు. వైద్యశాల కాగితాలు చదివారు, తెలిసినవారి కోసం వెతికారు. అయినా ఒక అడ్డు వచ్చింది. రోగుల గోప్యత పేరుతో వారి అసలు పేర్లు బయట పెట్టటానికి ప్రభుత్వ నిబంధనలు ఒప్పుకోలేదు. మారుపేర్లు వాడవలసి వచ్చింది. ఇది న్యాయమేనా? ఒక వాదం ప్రకారం, జబ్బు సంగతి ఊరందరికీ చెప్పవద్దని కోరే హక్కు చనిపోయినవారికీ ఉంది. మరో వాదం ప్రకారం, బతికుండగా అటక మీద దాచారు, చచ్చాక మారుపేరు వెనుక దాస్తున్నారు, ఇది రెండోసారి పాతిపెట్టటమే. నా మొగ్గు రెండో వాదం వైపే. సిగ్గుపడవలసింది రోగి అయితే గదా దాచటం! అయినా పాపసంకీర్తనం వినే కుర్చీలో ఇన్నేళ్లు కూర్చున్నవాడిని గనుక, మొదటి వాదాన్ని తేలికగా కొట్టివేయలేను. మనిషి తనతోనే సమాధికి తీసుకుపోదలచిన సంగతులు ఉంటాయి. పెట్టె తెరిచి ఉంది గదా అని అన్నీ మనవి కావు.

ఈ విషయం ఆలోచించినప్పుడల్లా యోహాను సువార్త ఇరవయ్యవ అధ్యాయం గుర్తుకొస్తుంది. అది కూడా ఖాళీ చోటే, అక్కడా మిగిలినవి వస్తువులే. నార బట్టలు పడివున్నాయి. తలకు చుట్టిన రుమాలు వాటితో కాక విడిగా, చుట్టి పెట్టి ఉంది. సువార్తికుడు ఇంత జాగ్రత్తగా ఏ బట్ట ఎక్కడ ఉందో చెబుతాడు. అంతకుమించి, ఆ రాత్రి లోపల ఏమి జరిగిందో ఒక్క వాక్యం కూడా అల్లడు. నలుగురు సువార్తికులలో ఎవరూ అల్లలేదు. వారి కాలంలో ఊహాశక్తి కొరవడిందా? కాదు. తరువాతి కాలపు కల్పిత గ్రంథాలలో ఆ దృశ్యాన్ని ఎన్ని హంగులతో వర్ణించారో తెలిసినవారికి, ఈ నలుగురి మౌనం విలువ తెలుస్తుంది. చూసింది చూసినట్లు చెప్పి, చూడనిచోట ఆగిపోయారు.

మన ఇళ్ల దగ్గరకు వద్దాం. ఇప్పుడు ప్రతి విచారణలోనూ ఇది జరుగుతున్నది. పిల్లలు అమెరికాలోనో, గల్ఫులోనో, హైదరాబాదులోనో ఉంటారు. తల్లి పోతుంది. నలభయ్యో రోజు పూజ అయ్యాక ఇల్లు అమ్మకానికి పెడతారు. రెండు రోజుల సెలవులో వచ్చినవారు ట్రంకు పెట్టె తెరుస్తారు. లోపల నలిగిన జపమాల, ఎవరివో పసిబిడ్డ చొక్కా, కళ్లజోడు, పోస్టాఫీసు పుస్తకం, గుంపు ఫోటో. "ఇవి ఏం చేయమంటారు ఫాదర్?" అని అడుగుతారు. పాత సామాను బండివాడు వీధిలో ఎదురుచూస్తుంటాడు. ఆ పసిబిడ్డ చొక్కా ఎవరిది అని నేను అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పెద్దావిడ నిరుడు ఇదే మంచం మీద కూర్చుని ఉన్నప్పుడు అడిగివుంటే అరనిమిషంలో తెలిసేది.

జ్ఞానస్నాన రిజిష్టరు కొంత సాయపడుతుంది. పాత రిజిష్టర్లు లాటిను భాషలో ఉంటాయి గాని పేర్లు మన పేర్లే. తల్లి, తండ్రి, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, తేదీ. కొన్ని పేర్ల పక్కన చనిపోయిన తేదీ కూడా ఉంటుంది. రెండు తేదీల మధ్య పదకొండు రోజులే ఉన్న పేర్లు చూశాను. ఆ చొక్కాకు రిజిష్టరులో ఒక పేరు దొరకవచ్చు. దొరకకపోవచ్చు కూడా. కాని ముందు రిజిష్టరు తిరగవేయకుండా కథ మొదలుపెట్టటం నాకు ఇష్టం ఉండదు.

క్రిందటి ఏడు మా విచారణలో ఒక కుటుంబం ఇలాగే పాత ఫోటో ఒకటి పట్టుకొచ్చింది. గుడి మెట్ల మీద తీసినది, పన్నెండు మంది. గుర్తుపట్టగలిగినవారు ఊరిలో ఒక్కరే మిగిలారు, ఎనభై దాటిన ముసలమ్మ. కళ్లు సరిగా కనబడవు. ఎండలోకి కుర్చీ వేయించుకుని ఫోటోను ముక్కుకు ఆనించుకుని ఒక్కొక్కరినీ చెప్పింది. మనవరాలు వెనుక పెన్సిలుతో రాసింది. ఈమె నా మేనత్త, ఈయన ఉపదేశిగారు, వీడు చెరువులో పడి పోయిన పిల్లాడు. పదకొండు పేర్లు అయ్యాయి. కుడిచివర, కొంచెం ఎడంగా నిలబడి, కెమెరా వైపు కాక పక్కకు చూస్తున్న మనిషి ఎవరో ఆమెకు కూడా తెలియలేదు. "ఎవురో మరి, మనూరోడు కాదు" అంది. పిల్ల పెన్సిలు పట్టుకుని నా వైపు చూసింది. పన్నెండో అంకె వేసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నాను.